ఎల్లారెడ్డి ప్రింటరు, నా అనుమానం

ప్రింటరు పనిచేయడం లేదని ఎవరైనా చెబితే నేను ముందు ఆ మనిషి మొహం చూస్తాను, ప్రింటరు సంగతి తర్వాత. కామారెడ్డిలో స్టేషన్ రోడ్డు పక్క సందులో ఇరవై ఏళ్లుగా కంప్యూటర్లు, ప్రింటర్లు బాగుచేసే దుకాణం నడుపుతున్నాను. "నేనేం చేయలేదు, దానంతటదే ఆగిపోయింది" అన్నవాడు ఖాయంగా ఏదో ఒకటి చేసే ఉంటాడని ఈ ఇరవై ఏళ్లలో నాకు అర్థమైంది. ఒకాయన పిల్లల మీద ప్రమాణం చేసి మరీ చెప్పాడు. మూత తీసి చూస్తే లోపల సగం తిన్న బిస్కెట్టు, దానికి పట్టిన చీమలు. ఆయన మాత్రం చీమలనే తప్పుపట్టాడు.

నా భార్య నన్ను అనుమానప్పక్షి అంటుంది. నిజమే, కాదనను. కూరగాయల దగ్గర తక్కెడ కిందికి వంగి చూస్తాను. ఎవడైనా అడగకుండా సాయం చేయడానికొస్తే వీడికి నాతో ఏం పనిబడిందో అని ఆలోచిస్తాను. ఇందులో నాకు సిగ్గేమీ ఉండేది కాదు. అనుమానం లేనివాడు ఈ పనికి పనికిరాడని నలుగురిలో గొప్పగా చెప్పుకునేవాణ్ని కూడా.

నా గిరాకీ అంతా పాత డబ్బాలే. కంపెనీవాళ్లే చేతులెత్తేసిన విండోస్ ఎక్స్‌పీ మీద నడిచే కంప్యూటర్లు మా జిల్లాలో ఇంకా ఎన్ని ఉన్నాయో చెబితే నమ్మరు. రైసుమిల్లులో ఒకటి, ఎరువుల దుకాణంలో ఒకటి, పాత బడిలో ఒకటి. ఎవరో ఎప్పుడో రాసిచ్చిన సాఫ్ట్‌వేరు వాటిలో ఉంటుంది. రాసిన మనిషి ఎక్కడున్నాడో తెలియదు. కొత్త కంప్యూటరులో అది తెరుచుకోదు, పాత కంప్యూటరేమో కొత్త ప్రింటరును గుర్తుపట్టదు. ఒకే ఇంట్లో ఉంటూ మాట్లాడుకోని తోడికోడళ్ల లాంటివి అవి. వాటికి మాట కలిపే చిన్న ప్రోగ్రామును డ్రైవర్ అంటారు. అలాంటి పాత సీడీలు నా దగ్గర మూడు డబ్బాల నిండా ఉన్నాయి, వాటిని ఎవరినీ ముట్టనివ్వను.

మా అక్క ఉండేది ఎల్లారెడ్డిలో. అమ్మ పోయినప్పుడు నాకు ఆరేళ్లు, ఆమెకు పద్దెనిమిది. పన్నెండో ఏట మొదలుపెట్టిన బీడీలు ఆమె మొన్నమొన్నటిదాకా చుట్టింది. ఒడిలో చాట, చాటలో తునికాకు, తంబాకు, పక్కన నా పలక. నేను కామారెడ్డిలో కంప్యూటరు కోర్సు చేసింది ఆ చాట మీదే. ఆ మాట ఆమె ఎన్నడూ నోటితో అనలేదు. అని ఉంటే ఎప్పుడో మరిచిపోయేవాణ్నేమో.

వేళ్లు వంకర్లు పోయి, చూపు తగ్గి, ఇక కట్టలు కట్టడం తన వల్ల కాదనుకున్నాక అక్క బీడీ కార్మికుల పింఛనుకు దరఖాస్తు పెట్టుకుంది. అన్నీ ఉన్నాయి గానీ ఒక్క కాగితం కావాలన్నారు. ఎన్నేళ్లు పనిచేసిందో రాసి కార్ఖానా ముద్ర వేసి ఇవ్వాలి. ఆ లెక్కంతా ఎల్లారెడ్డిలోని కార్ఖానా ఆఫీసులో, ఒక పాత కంప్యూటరులో ఉంది. దాని ముందు కూర్చునేది ఒక గుమాస్తా. యాభై దాటిన మనిషి, మహమ్మద్‌నగర్ నుంచి రోజూ వచ్చిపోయేవాడు.

ఆ ఏడు పోచారం ప్రాజెక్టు నిండి అలుగు పారింది. దసరా వెళ్లిన రెండో రోజు అక్క మొదటిసారి ఆఫీసుకు పోయింది. ఆయన కంప్యూటరులో ఏదో నొక్కి, ప్రింటరు వైపు చూసి, "ప్రింట్ కొట్టిన అక్కా, వస్తలేదు. ఖరాబైనట్టుంది. మళ్ల రా" అన్నాడట. మళ్లీ పోయింది. మళ్లీ అదే మాట. సంక్రాంతి పోయింది, శివరాత్రి వచ్చింది. ప్రతిసారీ ఆయన నొక్కుతాడు, ప్రింటరు వైపు చూస్తాడు, తల అడ్డంగా ఊపుతాడు. ఈమె చెప్పులు అరగదీసుకుంటూ ఇంటికొస్తుంది. నాలుగు నెలల పాటు నాకు ఒక్క మాట చెప్పలేదు. తమ్ముడు ప్రింటర్ల డాక్టరు, అక్కకు మాత్రం ప్రింటరు దగ్గరే పని ఆగింది. చివరికి పింఛను ఆఫీసులో ఈ నెలాఖరు దాటితే దరఖాస్తు పక్కన పెట్టేస్తామని, మళ్లీ పేర్లు ఎప్పుడు రాసుకుంటారో తమకే తెలియదని చెప్పాక ఫోను చేసింది.

నాకు ఒళ్లు మండింది. మర్నాడే లింగంపేట మీదుగా పోయే బస్సెక్కి ఎల్లారెడ్డిలో దిగాను. అక్క ఇంట్లోంచే గుమాస్తాకు ఫోను చేసి నేను ఫలానా, నా పని ఇదే, వచ్చి చూస్తాను, మీరు ఒక్క పైసా ఇవ్వనక్కర్లేదు అన్నాను. ఆయన మెల్లగా, వద్దు, బయటివాళ్లను ముట్టనివ్వొద్దని కార్ఖానా సేటు చెప్పాడు, మేమే చూసుకుంటాం అని ఫోను పెట్టేశాడు.

దీన్ని ఎవరైనా ఎట్లా అర్థం చేసుకుంటారు? రోగికి ఉచితంగా మందిస్తానంటే వద్దనేవాడికి రోగమే లేదన్నమాట. ప్రింటరు బాగానే ఉంది, వీడే ఇవ్వడం లేదు అని ఆ క్షణానే తేల్చేసుకున్నాను. అక్కను కూర్చోబెట్టి పోలీసులా ఆరా తీశాను. నీకూ ఆయనకూ ఎప్పుడైనా గొడవయిందా? అయిందట, ఎప్పుడో ఎనిమిదేళ్ల కింద. బీడీలు బాగాలేవని ఆయన అక్క కట్టలు కొన్ని పక్కన పడేస్తే ఆమె నలుగురి ముందు ఆయన్ని నిలదీసిందట. సరే, పగ దొరికింది. మీ వాడలో ఇంకెవరికైనా కాగితం ఇచ్చాడా? ఇచ్చాడట, రెండిళ్ల అవతలి ఆమెకు. అదే ప్రింటరు, అదే మనిషి, ఆమెకు వచ్చింది, అక్కకు రాదు. ఇంకేం కావాలి? ఆమెకు కాగితం ఎప్పుడిచ్చాడని మాత్రం నేను అడగలేదు. అడగవలసిన ప్రశ్న అదొక్కటే. దుకాణంలో అయితే అందరినీ మొట్టమొదట అడిగేది అదే, చివరిసారి ఎప్పుడు పనిచేసింది అని.

అక్క నా మాట ఒప్పుకోలేదు. "ఆయన మొఖం నువ్వు చూడలేదురా, నేను చూసిన. నాకన్న ఆయనే ఎక్కువ పరేషాన్ ఉన్నడు" అంది. దొంగ మొహం అట్లాగే ఉంటుందని, గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టని నేను వాదించాను. చదువుకోని మనిషి, మంచితనం ఎక్కువ, ఈమెకేం తెలుస్తుంది అనుకున్నాను. ఇప్పుడు రాయడానికి చెయ్యి రావడం లేదు గానీ, సరిగ్గా ఇదే అనుకున్నాను.

కామారెడ్డికి తిరిగొచ్చి, దుకాణంలో కూర్చొని కార్ఖానా సేటుకు ఒక అర్జీ టైపు చేశాను. సేటు ఇల్లు మా ఊళ్లోనే. సదరు గుమాస్తా పాత కక్షతో, లంచం ఆశించి, ప్రింటరు చెడిపోయిందని అబద్ధం చెబుతూ పేద కార్మికురాలిని నెలల తరబడి తిప్పుతున్నాడని రాశాను. ఇలా తిప్పే మనిషి ఇంకేం చేస్తున్నాడో విచారించాలని కూడా చేర్చాను. నా ప్రింటరు ఒక్క నొక్కుకే నల్లగా, నీటుగా అచ్చువేసి ఇచ్చింది. ఆదివారం నాడు తీసుకుపోయి అక్క ముందు పెట్టాను. అక్కకు అంకెలు వచ్చు, సంతకం వచ్చు, అంతకుమించి చదవడం రాదు. ఇదేందిరా అని అడిగింది. నీ కాగితం తొందరగా ఇయ్యమని సేటుకు అర్జీ అన్నాను. అది పూర్తిగా అబద్ధం కాదని నన్ను నేనే సముదాయించుకున్నాను. ఆమె మణికట్టు నేలకు ఆనించి ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ దస్కతు చేసింది. చేసి, మంచిగ వచ్చిందా అని అడిగింది.

అర్జీ సేటు ఇంట్లో ఇచ్చిన ఎనిమిది రోజులకు, దాని కింద వేసిన నా నంబరుకు ఆయన నుంచి ఫోను వచ్చింది. గుమాస్తాను తీసేశానని, కంప్యూటరు మాత్రం తనకు అంతుపట్టడం లేదని, నువ్వు బాగుచేస్తానన్నావని గుమాస్తా చెప్పాడు కదా, రేపు నా బండిలో ఎల్లారెడ్డి పోదాం రమ్మని అన్నాడు. నాకు లోపల ఎక్కడో విజయోత్సవం జరిగింది. అక్కకు ఫోను చేసి, ఆఫీసుకు వచ్చెయ్యి, నీ కాగితం నా చేత్తో తీసిస్తాను అన్నాను. గుమాస్తా సంగతి మాత్రం చెప్పలేదు. నెలాఖరుకు ఇంకా రెండు రోజులుంది.

ఆఫీసంటే ఒక గది, రెండు బల్లలు, గోడ వారగా ఖాళీ తునికాకు సంచులు. మూల బల్ల మీద కంప్యూటరు, దాని పక్కన చిన్న లేజర్ ప్రింటరు. సేటు కుర్చీలో కూర్చున్నాడు, అక్క గుమ్మం దగ్గర స్టూలు మీద. నేను ముందుగా చూసింది ప్రింటరును కాదు, జాబితాలో అక్క పేరును. పేరు తీసేసి ఉంటాడని నా నమ్మకం. పేరు ఉంది. తండ్రి పేరు, చేరిన సంవత్సరం, ఏళ్ల లెక్క, ఒక్కటీ తప్పు లేదు. చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, అది చూసి నాకు కొంచెం నిరాశ కలిగింది. తర్వాత వైరు కోశాడేమో చూశాను, కోయలేదు. ఇంకు పొడి తీసేశాడేమో చూశాను, నిండుగా ఉంది.

అప్పుడు కంప్యూటరులో ప్రింటర్ల పట్టిక తెరిచాను. ఉన్నది ఒక్క ప్రింటరు, పట్టికలో మాత్రం రెండున్నాయి. ఒకదాని పేరు మామూలుగా ఉంది, రెండో దాని పక్కన కాపీ అని ఉంది. నా చేతులు అక్కడే ఆగిపోయాయి. ఎందుకంటే ఈ జబ్బు నాకు కొట్టినపిండి. పాత ఎక్స్‌పీలో ప్రింటరు వైరు ఒక బొక్కలోంచి తీసి పక్క బొక్కలో పెడితే, అది ఇంకో కొత్త ప్రింటరు వచ్చిందనుకుంటుంది. దానికి ఇంకో పేరు పెట్టుకుంటుంది. కానీ పాత సాఫ్ట్‌వేరు మాత్రం కాగితాలన్నీ మొదటి పేరుకే పంపుతూ ఉంటుంది. అక్కడ ప్రింటరు లేదు గనక అవి లోపల వరుస కట్టి ఎదురుచూస్తుంటాయి. లైటు వెలుగుతుంది, కాగితం ఉంటుంది, ఇంకు ఉంటుంది, ప్రింటు రాదు.

డబ్బా ముందుభాగాన ఎర్రగా ఎండిన కుంకుమ బొట్టు ఉంది. పసుపు గీతలున్నాయి. వెనక్కి తిప్పితే ఒక బొక్క అంచున ఎండిన బంతిపువ్వు రేక ఇరుక్కుని ఉంది. దసరానాడు మా వైపు కొడవలి నుంచి బస్సు దాకా పనిముట్టు ఏదైనా కడిగి, తుడిచి, బొట్టు పెట్టి మొక్కుతాం. గుమాస్తా కంప్యూటరుకు మొక్కాడు. తుడవడానికి వైర్లన్నీ పీకి, పూజయ్యాక మళ్లీ గుచ్చాడు. ప్రింటరు వైరు ఒక్కటి పక్క బొక్కలో పడింది. దసరా వరకు కాగితాలొచ్చాయి, రెండిళ్ల అవతలి ఆమెకు వచ్చింది అందుకే. దసరా తర్వాత రాలేదు.

వైరు పీకి పాత బొక్కలో పెట్టాను. ప్రింటరు ఒకసారి గురకపెట్టింది. నేను ఇంకా ఏమీ నొక్కలేదు. మొదటి కాగితం బయటికొచ్చింది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక ఇంకొకటి. సేటు లేచి నిలబడ్డాడు. అది ఆగకుండా కక్కుతూనే ఉంది, అన్నిటి మీదా మా అక్క పేరే; దసరా తర్వాత కాగితం కోసం వచ్చింది ఆమె ఒక్కతేనట. మొత్తం పందొమ్మిది.

అప్పుడు కూడా నా బుద్ధి మారలేదు చూడండి. తీసేశారన్న కోపంతో వీడు చివరి రోజున ఒకేసారి పందొమ్మిది నొక్కి పోయి ఉంటాడు అనుకున్నాను. కాగితాల పైన మూలలో సాఫ్ట్‌వేరు వేసిన తారీఖులు ఉన్నాయి. తారీఖులు మార్చడం ఎంత పని అనుకున్నాను. కానీ అక్క లేచి వచ్చి ఆ బొత్తి తీసుకొని, కళ్లకు దగ్గరగా పెట్టుకొని ఒక్కో అంకె చదవడం మొదలుపెట్టింది. ఇది దసరా వెళ్లిన రెండో దినం. ఇది అమాస ముందు. ఇది వాన పడి, తడిసి వచ్చిన దినం. ఒక్కొక్కటే పక్కన పెడుతూ పోయింది. అలా పద్నాలుగు అయ్యాయి. చేతిలో ఐదు మిగిలాయి. వాటిని ముందుకూ వెనక్కూ తిప్పి చూసింది.

"ఈ తారీఖులల్ల నేను రాలే" అంది. "నేను రాకున్నా కొట్టి చూసిండు."

అందులో ఒకటి ఆదివారం. ఆఫీసుకు సెలవు రోజు.

అక్క ఆ మనిషి ఎక్కడని అడిగింది. ఇంత మంచివార్త ఆయనకు చెప్పాలని ఆమె ఆత్రం. సేటు ఆమె వైపు వింతగా చూశాడు.

"ఆయన ఇగ రాడు గదమ్మా. నువ్వే అర్జీ పెడ్తివి. నీ దస్కత్ చూసే తీసేసిన" అన్నాడు.

అక్క నా వైపు తిరిగింది. ఆ చూపు నేను పుట్టి బుద్ధెరిగి ఎన్నడూ ఎరగను. సేటును ఆ అర్జీ ఉందా అని అడిగింది. ఆయన సంచిలోంచి తీసిచ్చాడు. ఆమె దాన్ని నా చేతిలో పెట్టి, సదువు అంది. తర్వాత చదువుతానంటే వినలేదు. కక్షతో అన్న మాట, లంచం అన్న మాట, అబద్ధం అన్న మాట, ఒక్కొక్కటీ ఆమె ముందర, సేటు ముందర, నా గొంతుతో చదవాల్సి వచ్చింది. చివర ఆమె పేరు రాకముందే ఆపబోయాను. ఆమె అక్కడిదాకా చదివించింది.

"ఇది నేను చెప్పిన్నా తమ్మీ?" అని అడిగింది.

లేదన్నాను.

సేటు ఒక కాగితం మీద ముద్ర వేసిచ్చాడు. పింఛను ఆఫీసులో ఆ మధ్యాహ్నమే ఇచ్చేశాం. తీసుకున్నారు, రసీదు కూడా ఇచ్చారు. అక్క ముఖంలో ఏ వెలుగూ లేదు. బయటికి రాగానే మహమ్మద్‌నగర్ పోయే ఆటో ఎక్కింది, మిగిలిన పద్దెనిమిది కాగితాలు ఒడిలో పెట్టుకొని. నన్ను రమ్మనలేదు, వద్దనలేదు. నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను.

గుమాస్తా ఇంటి ముందు మంచం మీద కూర్చొని ఉన్నాడు. బక్కపలచని మనిషి. మమ్మల్ని చూసి లేచాడు. తిడతాడనుకున్నాను, తిట్టాలని కోరుకున్నాను కూడా.

"కాగితం అచ్చిందా అక్కా?" అన్నాడు.

అక్క వచ్చిందని తల ఊపి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. చెప్పమన్నట్టు నా వైపు చూసింది. అర్జీ నేనే రాశానని, అందులో ఏముందో అక్కకు తెలియదని, దస్కతు మోసం చేసి పెట్టించానని చెప్పాను. నాకంటే పెద్ద మనిషి, ఆయన కాళ్లకు వంగబోతే భుజం పట్టి ఆపాడు. ఇంతకూ అది ఏం ఖరాబైందని అడిగాడు. ఏమీ కాలేదని, దసరానాడు వైరు పక్క బొక్కలో పడిందని చెప్పాను.

"గంతేనా" అన్నాడు. మళ్లీ మంచం మీద కూర్చొని, "ఆ దినం నువ్వు ఫోన్ల ఒక్క పైస గూడ వద్దంటివి తమ్మీ. ఊకెనే చేస్తా అన్నోనికి ఏదో మతలబు ఉంటదనుకున్న. లోపటి సామాను మారుస్తవేమోనని భయపడ్డ. నిన్ను రానిస్తే అయిపోతుండె" అన్నాడు.

నా బుద్ధే నా ముందు మంచం మీద కూర్చొని మాట్లాడినట్టనిపించింది. తేడా ఒక్కటే. ఆయన అనుమానపడి ఊరుకున్నాడు, నేను అనుమానపడి ఆయన కూడు తీశాను.

సేటు దగ్గరికి పోయి జరిగిందంతా మళ్లీ చెప్పాను. ఆయన సరే, రమ్మను అన్నాడు. గుమాస్తా పోలేదు. ఆ కుర్చీలో మళ్లీ కూర్చుంటే రేపు ఎవరి కాగితం ఆలస్యమైనా దొంగనే అంటారన్నాడు. ఇప్పుడు మహమ్మద్‌నగర్‌లోనే ఒక ఎరువుల దుకాణంలో కూర్చుంటున్నాడు.

అక్కకు పింఛను వస్తోంది. నాతో మాట్లాడుతుంది, పోతే అన్నం పెడుతుంది, మక్కగారెలు చేసి పంపుతుంది. నేను చెప్పినా చెప్పకపోయినా నా పిల్లల చదువుల గురించి అడుగుతుంది. ఏ లోటూ లేదు. కానీ అప్పుడప్పుడు పింఛను ఆఫీసు నుంచో, బ్యాంకు నుంచో దస్కతు చేయమని కాగితాలు వస్తుంటాయి. ఫోటో తీసి పంపు అక్కా, నేను చదివి చెబుతాను అంటాను. ఎందుకులేరా, నీకు పనులుంటాయి అంటుంది. మర్నాడు ఆ కాగితం మడిచి రవికలో పెట్టుకొని, ఆటో ఎక్కి మహమ్మద్‌నగర్ పోతుంది. ఎరువుల దుకాణం ముందు కూర్చొని, ఆయనతో మొత్తం చదివించుకొని, అప్పుడు దస్కతు చేస్తుంది.